ఇల్లు చూసినాకే పిల్లి

హిందూపురం నుంచి ధర్మవరం పోయే పాసింజరు బండి. కమ్మీలు లేని ఎమర్జెన్సీ కిటికీ పక్కన రోషన్‌బీ, ఆమె ఒళ్లో టవల్ కప్పిన గంప. ఎదురు సీట్లో దేవప్ప.

“గంప మింద చెయ్యి తియ్యి దేవప్పా.”

“బరువేమో అని పట్టుకుంటి అమ్మా.”

“దీని బరువు నాకు తెలుసు. నువ్వు నీ సీట్లో కూర్చో.”

“కూర్చున్నా. బండి కదిలింది గదా, ఇంగన్నా నెమ్మదిగా ఉండు. నువ్వు ఇంత దూరం రావాల్సిన పనే లేదు. హిందూపురంలోనే ఇచ్చింటే నేనే తీసుకోని పోతాంటి.”

“ఇల్లు చూడకుండా ఇయ్యను. ఫోన్లోనే చెప్తి గదా. పిల్లనిచ్చేటోళ్లు ఇల్లు చూడకుండానే ఇస్తారా?”

“ఇది పిల్లి గదమ్మా.”

“పిల్లకైతే నోరుంటుంది. కష్టమొస్తే ఫోన్ చేస్తుంది. ఇది ఎవురికి చేస్తుంది?”

“సరే సరే. చూద్దువులే.”

“ఇంట్లో ఎవురెవురుంటారు?”

“చెప్తి గదమ్మా.”

“మల్లా చెప్పు.”

“నేను, నా భార్య పుష్పావతి, మా నాయన. ముందర రెండు మగ్గాలు. ఎనక ఒగ రూము.”

“ఎనక రూములో ఎవురు?”

“ఎవురూ… అంటే, పనోళ్లు వస్తాంటారు, పోతాంటారు.”

“ఫోన్లో ఖాళీ అంటివే?”

“ఖాళీనే. ఖాళీగా ఉన్నప్పుడు ఖాళీ.”

“మాటలు తిప్పద్దు. మగ్గాలున్న ఇంట్లోకి పిల్లిని ఎవురన్నా తెచ్చుకుంటారా? గోరు తగిలితే పోగు తెగదా?”

“మగ్గాల గదికి తలుపుండాదమ్మా. పిల్లి పోకుండా వేసుకుంటాము. ఎలుకల బాధ తట్టుకోలేకుండా ఉండాము. రాత్రి వచ్చి పట్టు కొరికి పెట్టి పోతాండాయి.”

“ఎలుకలకు మందుండాది.”

“మందు తిని యాడో మూలన చస్తాయి. చీర కొనేకి వచ్చేటోళ్లు ముక్కు మూసుకోని ఎనక్కి పోతారు.”

“జవాబులు బాగా నేర్చుకోని వచ్చినావు. ధర్మవరంలో పిల్లులే లేవా? హిందూపురం దాకా వచ్చి, అందులోనూ నల్లదే కావల్లంటివి. నల్లపిల్లి ఎదురొస్తే జనాలు బండి ఆపి నిలబడ్తారు. నీకేమో నల్లదే కావల్ల.”

“రంగులో ఏముండాదమ్మా.”

“పెనుగొండ కొండ మింద గుంతలు తోడేటోళ్లకు ఉండాది.”

“అయ్యో, ఏమి మాటలమ్మా!”

“నిధులంట. బలికి నల్లకోడి, నల్లమేక, నల్లపిల్లి. మా సందులో టీ అంగడి కాడ కతలు కతలుగా చెప్తారు.”

“నా మొకం చూస్తే అట్ల కనిపిస్తాండానా?”

“మొకాలు చూసి నమ్మేది అయిపోయిందప్పా. గంగాదేవి మొకం చూసి నమ్మితి. ఏమాయె?”

“ఏ గంగాదేవి?”

“ఏ గంగాదేవి అంటావేమి? ఎంతమంది గంగాదేవులు తెలుసు నీకు?”

“ఒగరూ తెలీదు. అందుకే అడిగినా.”

“మా హిందూపురంలోనే, ఇడ్లీ అంగడి గంగాదేవి. మా మస్కాను ఆమెకే ఇస్తి. వెన్నపూస రంగు పిల్లి. ఇల్లు చూసి, పాలు పోసే గిన్నె చూసి, ఆమె ఒళ్లో పెట్టి వస్తి. మల్లా చూసేకి పోతే ‘నిద్రపోతాంది’ అంటుంది. ఇంగోసారి పోతే ‘బయటికి పోయింది’ అంటుంది. పక్కింటామె నన్ను పక్కకు పిలిచి చెప్పె. ఎవురో మగమనిషి వచ్చి గంపలో పెట్టుకోని పోయినాడంట.”

“ఎట్లుంటాడంట?”

“ఎందుకు, నీకు భయమా?”

“ఊరికే అడిగినా.”

“బట్టతల. తెల్లచొక్కా.”

“బట్టతల శానామందికి ఉంటుందమ్మా.”

“శానామందికి ఉంటుంది. నీకూ ఉండాది. ఉండు, నీ ముందరే ఫోన్ చేస్తా. స్పీకర్లో పెడతా. నువ్వు గమ్మునుండు.”

“ఇప్పుడెందుకమ్మా, పాపం వ్యాపారం టైములో…”

“హలో గంగాదేవీ, మస్కా ఏమి చేస్తాంది?”

“ఎవురు… రోషన్‌బీ అమ్మా? నిద్రపోతాందమ్మా.”

“ఫోన్ దాని మూతి కాడ పెట్టు. నేను పిలిస్తే పలుకుతుంది. మస్కా… మస్కా…”

“…మ్యావ్.”

“గంగాదేవీ, అరిచింది నువ్వు.”

“…సిగ్నల్ లేదమ్మా, వినపడడం లేదు, పెట్టేస్తాండా.”

“విన్నావా దేవప్పా? నవ్వుతాండావా నువ్వు?”

“లేదమ్మా. దగ్గు.”

“నవ్వు బాగా. నీకేమి తెలుస్తుంది. పోయిన ఏడు కొడుకు బైకు మింద పోయినోడు మల్లా ఇంటికి రాలే. ఇప్పుడు ఓనరు ఇల్లు పడగొడతానంటాండాడు. ఆదివారం బెంగుళూరు పోతాండా. ఎవురిండ్లోనో చంటిబిడ్డను చూసుకునే పని. తిండి ఆడనే, పడక ఆడనే. పిల్లులకు జాగా లేదన్నారు. ఈ మూడూ నా కొడుకు రోడ్ల మింద, మెకానిక్ షెడ్డులో ఏరుకోనొచ్చినవి. ఒగటి పెనుగొండలో ఇస్తి. ఒగటి మాయమాయె. ఇది కూడా మాయమైతే నేను బెంగుళూరులో అన్నం ఎట్ల తినల్ల?”

“నవ్వలేదమ్మా. ఒట్టు. …అరుస్తాంది చూడు. ఆకలేమో. ఇదో, నా సంచిలో తెచ్చినా, పెట్టు.”

“ఏమది?”

“బొరుగులు.”

“పిల్లికి బొరుగులా?”

“పాలు కూడా తెచ్చినా. ఫ్లాస్కులో. నానబెట్టి…”

“ఎవురు చెప్పినారు నీకు?”

“ఏమని?”

“ఇది పాలల్లో నానబెట్టిన బొరుగులు తప్ప ముట్టదని ఎవురు చెప్పినారు? పిల్లికి చేపముక్క తెస్తారు, కోడి పేగులు తెస్తారు. బొరుగులు ఎవురు తెస్తారు?”

“ఇంట్లో ఉండె. చేతికొచ్చింది పట్టుకోనొస్తి.”

“ఫ్లాస్కులో పాలు కూడా చేతికొచ్చెనా? నీ ఫోన్ మోగుతాంది.”

“తర్వాత చేస్తాలే.”

“ఎత్తు. నా ముందరే మాట్లాడు.”

“హలో… ఆ, చెప్పు… బండెక్కినాము. ఆ, వచ్చింది, ఎదురుగానే ఉండాది… లేదు లేదు, ఏమీ తెలీదు… సుర్మా బాగుండాది, గంపలోనే… సరే సరే, పెట్టేయి.”

“ఎవురు?”

“ఇంట్లోళ్లమ్మా.”

“ఏమీ తెలీదంటివి. ఎవురికి ఏమి తెలీదు?”

“నాకే. మధ్యాన్నం కూర ఏమి చేయల్లని అడిగితే నాకేమీ తెలీదంటి.”

“పిల్లి పేరు ఏమంటివి?”

“సుర్… మున్నీ. మున్నీ అంటి.”

“సుర్మా అంటివి. నేను నీకు చెప్పింది మున్నీ అని. వాట్సాప్‌లో ఫోటో పెట్టినప్పుడు కూడా మున్నీ అనే పెడ్తి. గంగాదేవి చేసిన పని చూసినాక కావాలనే అబద్ధం పేరు చెప్తాండా. సుర్మా అని నీకు చెప్పిందెవురు?”

“నల్లగుండాది గదా, చూస్తానే సుర్మా లెక్క అనిపించి…”

“నల్లగుంటే మీ ఇండ్లల్లో కాటుక అంటారు దేవప్పా. సుర్మా అనరు. ఆ పేరు పెట్టింది నా కొడుకు రహీమ్. షెడ్డులో లారీ బానెట్ ఎత్తితే ఇంజన్ సందులో నూనె మసితో ఉండె, అరచేయంత. వాడు పెట్టిన పేరు మా ఇంట్లోళ్లకు తప్ప తెలీదు. ఇప్పుడు ఇంట్లో నేను తప్ప ఎవురూ లేరు. చెప్పు.”

“మీ కోడలుండె గదమ్మా…”

“నాకు కోడలుందని నీకెట్ల తెలుసు?”

“కొడుకుంటే కోడలుంటుందని… అందాజుగా.”

“అందాజు! ఉండె. పంపించేస్తి.”

“కొట్లాడినారా?”

“నాతో కొట్లాడే పిల్ల గాదు అది. ఇరవైనాలుగేండ్లు. నా కాళ్లు ఒత్తుకుంటా ఆ ఇంట్లో కూర్చుంటే దాని బతుకేమి కావల్ల? మడకశిరకు పో, మీ అమ్మోళ్లు చూసిన సంబంధం చేసుకో, మల్లా నా వాకిలి తొక్కద్దు అంటి. వినలే. అప్పుడు దీని నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటి.”

“పిల్లి మిందనా?”

“నా మింద ఒట్టేయమంటే మరుసటి రోజే తప్పుతుంది. రహీమ్ పెంచిన పిల్లి మింద అయితే తప్పదని నాకు తెలుసు. …నన్నెందుకు మాటల్లో పెడతాండావు? ఎన్నాళ్లుగా మా ఇంటి చుట్టూ తిరుగుతాండావు నువ్వు? పెనుగొండ వస్తాంది గదా. ఆడ దిగి రైల్వే పోలీసులకు చెప్తా.”

“అమ్మా, దిగద్దు. కిటికీ వేసుకో, ఎండ కొడతాంది.”

“ఎండ ఆ పక్కనుండాది.”

“దుమ్మమ్మా, దుమ్ము.”

“బండి నిలబడినాక దుమ్మేమి? షట్టరు ఎందుకు దించుతాండావు? తియ్యి!”

“దేవప్పా! ఓ దేవప్పా! యాడుండావప్పా? తెచ్చినా!”

“బయట ఎవురో నిన్ను పిలుస్తాండారు.”

“నన్ను గాదమ్మా. దేవప్పలు శానామంది ఉంటారు.”

“నీ చొక్కా కనపడిందిలేప్పా ధర్మవరం దేవప్పా! షట్టరు తియ్యి, బండి కదిలిపోతాది!”

“నువ్వు తీస్తావా, నేను తియ్యల్లనా? …ఇదో, తీసినా. పోతులయ్యా! నువ్వా?”

“రోషన్‌బీ అమ్మా… నువ్వు ఈ బండిలో… దేవప్పా, ఈ బండి అంటివి గదప్పా!”

“సాయంత్రం బండి అంటి పోతులయ్యా! సాయంత్రం!”

“చేతిలో ఏమది పోతులయ్యా?”

“మామిడికాయలమ్మా.”

“మామిడికాయలు మ్యావ్ అంటాయా?”

“…కొన్ని అంటాయేమో.”

“గుడ్డ తియ్యి. తియ్యి అంటాండా. యా అల్లా… జిలేబీ! ఇది నా జిలేబి! పోతులయ్యా, మీ ఇంటికొచ్చి చూసి, నీ బిడ్డ ఒళ్లో పెట్టి ఇస్తినే!”

“బండి కదిలె! పట్టుకో దేవప్పా, గంప పట్టుకో! అమ్మా, కోపం చేసుకోవద్దు, ధర్మవరం పోతే ఆడ అంతా…”

“నోరు మూయి పోతులయ్యా!”

“వాన్ని నోరు మూయమంటావా? నువ్వు తెరువు నీ నోరు. ఆ గంప ఈడియ్యి. జిలేబీ, ఇదో నేనుండా, భయపడద్దు. …మస్కాను తీసుకోని పోయింది నువ్వే.”

“…నేనే.”

“జిలేబిని తెమ్మనింది నువ్వే.”

“నేనే అమ్మా.”

“ఇప్పుడు సుర్మాకు వచ్చినావు. వేరే వేరే ఊర్లలో, వేరే వేరే మనుషులకు ఇస్తే, అందరి చేతుల్లోంచి నీ చేతికే వస్తాండాయి. ఎందుకు?”

“చెప్పేకి లేదు.”

“ఎవురికమ్ముతావు? కొండ మింద గుంతలు తోడేటోళ్లకా?”

“మా నాయన మింద ఒట్టు. మస్కా బతికే ఉండాది. పొద్దున నా తువ్వాలు మింద పడుకోనుండె. ఇదో చూడు, వెంట్రుకలు కూడా అంటుకోనుండాయి.”

“చచ్చిన పిల్లికి కూడా వెంట్రుకలుంటాయి.”

“అమ్మా, నీకు దండం పెడతా. ధర్మవరం దాకా ఓర్చుకో.”

“పోతులయ్య నీకెట్ల తెలుసు?”

“మాకు పట్టుదారం తెచ్చిచ్చేది ఆయప్పే.”

“గంగాదేవి?”

“పుష్పావతికి చిన్నాయన కూతురు.”

“ఏ గంగాదేవి అని అడిగితివి నన్ను!”

“…అడిగితి.”

“అంటే పిల్లులను తీసుకునేదానికి మనుషులను పెట్టినావు. నేను ఇల్లు చూస్తానని ఇండ్లు కూడా పెట్టినావు. ఇంత తెలివి నీ బుర్రలో పుట్టింది గాదు. ఎవురు చేయిస్తాండారు?”

“చెప్పనని ఒట్టేసినా.”

“నీకూ ఒట్టేనా?”

“ఒట్లు వేయించుకునే మనుషుల మధ్యలో ఇరుక్కుంటినమ్మా నేను.”

“గొలుసు లాగుతా ఇప్పుడే.”

“లాగితే బండి ఈ బయల్లో నిలబడిపోతాది, అంతే. కొత్తచెరువు దాటినాము. ఇంగ ఎంత దూరం? ఆడికొచ్చి నీ కండ్లతో మస్కాను చూడు. లేదనుకో, మా వీధిలో నిలబడి నా బట్టతల మింద చెప్పుతో కొట్టు.”

“కొడతా. నన్ను మంచిదని అనుకోవద్దు.”

“ఎవురనుకుంటారమ్మా.”

ధర్మవరం. దేవప్ప ఇల్లు.

“గంపలు రెండూ నా చేతిలోనే ఉంటాయి. ముందర మస్కాను చూపించు. అదొచ్చినాకే నేను గడప దాటేది.”

“మస్కా ఎనక రూములో ఉండాదమ్మా. బయటికి తెస్తే రోడ్డు మిందికి దూకదా? నువ్వే వచ్చి చూడు.”

“నీ భార్య యాడ?”

“మా నాయనను ఆసుపత్రికి తీసుకోని పోయింది. వచ్చేస్తుంది. రా అమ్మా.”

“వీధి తలుపు తెరిచే పెట్టు. …వస్తాండా. మగ్గాల గదికి తలుపుండాది నిజమే. గొళ్లెం కూడా గట్టిగుండాది.”

“చెప్తి గదా.”

“ఒగటి నిజం చెప్పినావు, సంబరపడద్దు. ఈ మగ్గం కాడ బూడిద గిన్నె ఏమి?”

“పోగులు అతికే అమ్మాయిదమ్మా. పాత దారం అయిపోయినాక దాని కొసలకు కొత్త దారం అతకల్ల. వేళ్లకు బూడిద అద్దుకోని ఒగొగ పోగూ మెలేస్తుంది. వేలకు వేలు పోగులు. ఆ యమ్మి అతికితే ఒగటీ తెగదు.”

“ఆ యమ్మి యాడ?”

“ముందు ఈ ఎనక రూము చూడమ్మా. తలుపు నువ్వే తియ్యి.”

“…మస్కా! నువ్వేనా! లావైనావు గదే. చూడు ఒళ్లు ఎట్ల మెరుస్తాందో. కొట్టలేదు గదా ఎవురూ నిన్ను?”

“ఇప్పుడు నమ్ముతావా?”

“బతికుండాదని నమ్ముతా. ఎందుకని ఇంగా తెలీలే. కిటికీకి వల కొట్టినారు. వల లోపల కూర్చునేకి పలక కూడా కొట్టినారు. పిల్లికి బయట చూసే యావ అని తెలిసినోళ్లు చేసిన పని ఇది. నువ్వు గాదు.”

“నేను మేకులు మాత్రమే పట్టుకుంటి.”

“మంచమెందుకు ఈడ? పిల్లికి మంచమా? మంచం పక్కన కాళ్లకు పూసుకునే నూనె. ఇది నేను వాడేది. దేవప్పా, నేను వాడే నూనె నీ ఇంట్లో ఎందుకుండాది? ఆ మూలన… అది జానమాజు గదా? మీ ఇంట్లో దాని మింద నమాజు ఎవురు చేస్తారు?”

“సరిగ్గా చూడమ్మా. రెండుండాయి. ఒగటి పాతది. ఒగటి కొత్తది, ఇంగా మడత విప్పలే.”

“ఎవురివి? ఆ ఎనక తలుపు కాడ ఎవురు నిలబడిండేది? నీడ కనపడ్తాంది నాకు. దొంగలైనా సరే, దొరలైనా సరే, బయటికి రా!”

“పాతది నాది అత్తా.”

“…షాహిస్తా?”

“ఊ.”

“నువ్వు మడకశిరలో గదా… నీకు పెండ్లి…”

“మడకశిర పోతి. సంబంధం వద్దంటి. ఈడికొచ్చి పని నేర్చుకుంటి. దేవప్పన్నోళ్లు ఈ రూము ఇచ్చినారు.”

“ఒట్టేసినావు గదే! సుర్మా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినావు గదే!”

“నీ వాకిలి తొక్కనని ఒట్టేసినా. తొక్కలే. ఇల్లు పడగొడతారని తెలిసి ఆగం ఆగం అయితి, అయినా రాలే. నువ్వు బెంగుళూరులో ఎవురి బిడ్డకో ఉచ్చగుడ్డలు ఉతికేకి పోతాండావని తెలిసి కూడా రాలే. వస్తే సుర్మాకు ఏమన్నా అవుతుందని.”

“అందుకని ఈ బట్టతలోన్ని పంపిస్తావా నా మిందికి?”

“నేనడిగితే ఇస్తావా? ‘నీ బతుకు నువ్వు చూసుకోవే, నీకెందుకు ఈ పీడ’ అంటావు. ఒగే మనిషి మూడూ అడిగితే అనుమానపడతావు. అందుకే ముగ్గురితో అడిగిస్తి, ఒగొగరికి ఒగొగటీ ఇస్తివి. ఆఖరుకు సుర్మా మిగిలింది. దాని ఎనక నువ్వు ఎంత దూరమైనా వస్తావని తెలుసు. ఇల్లు చూడకుండా పిల్లిని ఇయ్యవు గదా నువ్వు.”

“ఫోన్లో ఏమీ తెలీదు అనింది…”

“నీకే అత్తా. నీకేమీ తెలీదని.”

“దారంతా నన్ను దొంగను చేసిందమ్మా మీ అత్త. గొలుసు లాగేకి కూడా లేచె.”

“నువ్వు గమ్మునుండప్పా దేవప్పా. ఈ గంప పట్టుకో. సరిగ్గా పట్టుకో, దాంట్లో సుర్మా ఉండాది.”

“ముట్టుకోవచ్చునా అమ్మా ఇప్పుడు?”

“పట్టుకో అంటి గదా. …సరే షాహిస్తా. ఇల్లు చూసినా. వల గట్టిగుండాది. తలుపులు బాగుండాయి. మూడూ నీకే. బొరుగులు మరీ మెత్తగా నానబెట్టద్దు, సుర్మా ముట్టదు. నేను సాయంత్రం బండికి పోతా. ఆదివారం బెంగుళూరు…”

“కూర్చో అత్తా. ఇంగా అయిపోలే.”

“ఇంగ పిల్లుల్లేవే నా దగ్గర. ఉండేవి మూడే.”

“పిల్లులకు మంచమెందుకు అని అడిగితివి గదా దేవప్పన్నను. మంచం చూస్తివి, నూనె చూస్తివి, కొత్త జానమాజు చూస్తివి. వాకిలి కూడా నేను తొక్కలే, నువ్వే తొక్కితివి. ఇప్పుడు చెప్పు అత్తా. నిన్ను ఇచ్చేకి ఈ ఇల్లు సరిపోతుందా?”